మా కాలేజీ నాటిక క్యాసెట్ దొరికింది. యూట్యూబ్‌లో పెట్టాలా, వద్దా?

పాత క్యాసెట్ (కడప) · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఒక సలహా కావాలి. ఇంట్లో అడిగితే రెండు పార్టీలైనాయి, అందుకే ఇక్కడికి వచ్చినాను.

పోయిన వారం అటక సర్దుతుంటే 1986 నాటి క్యాసెట్ ఒకటి బయటపడింది. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవానికి మేం వేసిన హాస్య నాటిక. రాసింది నేనే. టేపు వదులై బయటికి వచ్చి ఉంటే పెన్సిల్ పెట్టి తిప్పినాను. టేప్‌రికార్డర్ బెల్టు సాగిపోయింది, ఏడు రోడ్ల దగ్గర ఒక పెద్దాయన మార్చి ఇచ్చినాడు. మా వాడు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించినాడు. మొత్తం 38 నిమిషాలు.

కథ మామూలే, పెళ్ళిచూపులు. పెండ్లికొడుక్కి నత్తి. పెండ్లికూతురు నలుపు. మేనమామ వచ్చి "పిల్ల యాడుందబ్బా, కనపడలేదే" అని లాంతరు పట్టుకుని స్టేజీ అంతా వెతుకుతాడు. ఆ సీనుకు హాలు దద్దరిల్లింది. టేపులో నవ్వులకు మాటలే వినపడవు.

మా కాలేజీలో ఆడపిల్లలు స్టేజీ ఎక్కే రోజులు కావవి. పెండ్లికూతురు వేషం కట్టింది మా క్లాసు అబ్బాయే. నల్లగా ఉన్నాడనే వాణ్ణి తీసుకున్నాం, మేకప్ ఖర్చు మిగిలిందని నవ్వుకున్నాం కూడా. డిగ్రీ అయిపోయేదాకా వాడి పేరు లాంతరు.

మధ్యలో కరెంటు పోయింది. టేప్‌రికార్డర్ బ్యాటరీల మీద నడుస్తోంది కాబట్టి ఆగలేదు. ఒకటే ఈలలు, గోల. జనం లేచిపోతారేమోనని ఆ పెండ్లికూతురే చీకట్లో ఏడు నిమిషాలు పద్యాలు పాడినాడు. రెండో పద్యానికి హాలు గమ్మున అయిపోయింది. ఆ ఏడు నిమిషాల కోసమే ఇది అందరికీ వినిపించాలని నా ఆశ.

కోడలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినింది. లాంతరు సీను దగ్గర తీసి టేబుల్ మీద పెట్టి, "ఇది పెట్టొద్దు మామయ్యా" అనింది. ఎందుకని అడిగితే ఏమీ చెప్పలేదు, వంటింట్లోకి పోయింది. మా వాడేమో ఆ కాలానికి అది, పెడితే ఏమైతుంది అంటాడు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు మొత్తం పెట్టమంటోంది. ఏం చేయాల?


ఉగ్గాని బజ్జి (అనంతపురం) · శనివారం, రాత్రి 9:30

పెట్టేయ్ అన్నా, ఇంక ఆలోచనేంది? ఈ కాలంలో ఊరికే దగ్గినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ఒకటి పెట్టుకుని చూడు. గయ్యాళి అత్త, నత్తి మామ, చెవిటి తాత, పిసినారి శెట్టి. ఇవన్నీ తీసేస్తే టైటిల్సూ, శుభం కార్డూ మిగులుతాయి. అప్పుడు ఎవరూ బాధపడలేదు. అందరం కలిసి కూర్చుని నవ్వినాం, కలిసి సైకిల్ మీద ఇంటికి పోయినాం. అప్పటి నవ్వుకు ఇప్పుడు ఫైను కట్టమంటే ఎట్ల?


చీనీతోట (తాడిపత్రి దగ్గర) · శనివారం, రాత్రి 10:05

ఎవరూ బాధపడలేదని నీకెట్ల తెలిసింది తమ్ముడూ? అడిగినావా?

నాది కూడా చామనఛాయ కంటే రొంత ఎక్కువే. 1994లో నాకు పెళ్ళిచూపులు. పొద్దున పదకొండు గంటలు, వాకిలి తలుపు తెరిచే ఉంది, మా మిద్దె ఇంట్లోకి ఎండ నేరుగా పడుతోంది. పెళ్ళికొడుకు పెద్దమ్మ నన్ను చూసి, "రొంత ట్యూబ్‌లైటు వేయండమ్మా" అనింది. వచ్చిన వాళ్ళంతా నవ్వినారు. మా వాళ్ళు కూడా నవ్వినారు, మర్యాదకు. మా నాయన లేచిపోయి స్విచ్ వేసినాడు. అది స్టార్టర్ సరిగా లేని లైటు. రెండు మూడు సార్లు కొట్టుకుని వెలిగింది. అంతసేపూ అందరూ దాన్నే చూస్తున్నారు.

ఆమెకు ఆ మాట సొంతంగా పుట్టిందని నేననుకోను. ఏ నాటకంలోనో, సినిమాలోనో విని ఉంటుంది.

పాత క్యాసెట్ గారూ, మీ మీద నాకు కోపం లేదు. ఒక్క ప్రశ్న. ఆ వేషం కట్టినాయన ఇప్పుడు ఎక్కడున్నాడు? ఆయనకు క్యాసెట్ సంగతి తెలుసా?


కొండారెడ్డి బురుజు (కర్నూలు) · శనివారం, రాత్రి 10:48

ఇదంతా అమెరికా నుంచి వచ్చిన గాలి. పాత మాటలు తవ్వి మనిషిని పక్కన పెట్టేదాన్ని క్యాన్సిల్ కల్చర్ అంటున్నారు. 2018లో జేమ్స్ గన్ అనే డైరెక్టర్ పదేళ్ళ కిందట పెట్టిన పిచ్చి ట్వీట్లు ఎవరో తవ్వితే డిస్నీ జూలైలో ఆయన్ను పనిలోంచి తీసేసింది. మళ్ళీ 2019 మార్చిలో వాళ్ళే పిలిచి పని ఇచ్చినారు. అంటే ఆ ఎనిమిది నెలల్లో ఆయన మారినాడా, కంపెనీ లెక్క మారిందా? అదే 2018 డిసెంబరులో కెవిన్ హార్ట్ అనే కమెడియన్‌ది ఇంకో కథ. ఆస్కార్ వేడుక నడిపే అవకాశం వచ్చింది, స్వలింగ సంపర్కుల మీద వేసిన పాత ట్వీట్లు బయటికొచ్చినాయి, క్షమాపణ చెప్పమన్నారు. మొదట చెప్పనన్నాడు, తర్వాత తనే తప్పుకుని క్షమాపణ చెప్పినాడు.

2020 జూన్‌లో హెచ్‌బీఓ మ్యాక్స్ వాళ్ళు 1939 నాటి 'గాన్ విత్ ది విండ్' సినిమాను బానిసత్వాన్ని అందంగా చూపించిందని కొన్నాళ్ళు తీసేసినారు. తర్వాత ముందు ఒక పరిచయ ప్రసంగం తగిలించి మళ్ళీ పెట్టినారు. సినిమాలో మాత్రం ఒక్క ముక్క కోయలేదు.

నేను చెప్పేది ఏమంటే, అక్కడి గొడవలు అక్కడివి. మనకెందుకు అంటించుకోవడం?


బుగ్గవంక (కడప) · ఆదివారం, ఉదయం 6:20

బురుజు గారూ, అమెరికా గాలి అనేది ఒప్పుకోను. మన దగ్గర ఈ పని వందేళ్ళ కిందటే జరిగింది.

18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని అనే దేవదాసి 'రాధికా సాంత్వనం' అనే శృంగార కావ్యం రాసింది. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి మళ్ళీ అచ్చు వేయించింది. కందుకూరి వీరేశలింగం అంతటి వాడు ఆ కావ్యాన్ని అసహ్యమన్నాడు. మగవాళ్ళు రాస్తే ఒప్పు, ఆడది రాస్తే తప్పా అని నాగరత్నమ్మ నిలదీసింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో ఆ నిషేధం పోయింది. ముప్పై ఆరేళ్ళు! ట్విట్టర్ లేకుండానే.

ఇక్కడ తమాషా చూడండి. వితంతు వివాహాలు చేయించిన సంస్కర్త ఒక దేవదాసి రాసిన పుస్తకాన్ని అసహ్యించుకున్నాడు. ఆయన్ను ఈ ఒక్క మాటతో కొట్టేద్దామా? నేను కొట్టేయను. అట్లని ఆ మాట అనలేదన్నట్టు కూడా ఉండలేను.

ఇంకో మాట, అడిగినవాళ్ళు లేకపోయినా చెబుతాను. ఆడపిల్లలు స్టేజీ ఎక్కే రోజులు కావన్నారు పాత క్యాసెట్ గారు. మీ కాలేజీలో కాకపోవచ్చు. మన జిల్లా చక్రాయపేట దగ్గరి సురభి ఊళ్ళో 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటకాల వాళ్ళ ఇండ్లల్లో ఆడవాళ్ళు ఎప్పటి నుంచో వేషాలు కడుతున్నారు. ఆడ వేషం ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టిన బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది చీనీతోట గారి తాడిపత్రిలోనే. "ఆ కాలం అంతే" అనే మాటను అందుకే నేను సగమే నమ్ముతాను. ప్రతి కాలంలోనూ ఇది బాగాలేదన్న వాళ్ళు ఉన్నారు.


ఉగ్గాని బజ్జి · ఆదివారం, ఉదయం 8:02

సార్ క్లాసు మొదలైంది. అటెండెన్స్ వేసుకోండి.

అక్కా, ట్యూబ్‌లైటు సంగతికి నిజంగా సారీ. కానీ ఆ పెద్దమ్మ నోరు మంచిది కాకపోతే నాటకాన్ని ఎందుకు తప్పు పట్టాల?


ప్రొద్దుటూరు బంగారం · ఆదివారం, ఉదయం 9:15

"పిసినారి శెట్టి" అని ఊరికే అనేసినాడు బజ్జి. నేను శెట్టినే. మాట్లాడొచ్చా?

చింతామణి నాటకం అందరికీ తెలుసు. కాళ్ళకూరి నారాయణరావు గారు వేశ్యా వ్యసనం కొంపలు ఎట్ల ముంచుతుందో చెప్పడానికి రాసినారు. నేను పుస్తకం చదివినాను, ఆయన్ను తప్పు పట్టను. కానీ తిరునాళ్ళలో వేసేది ఆ పుస్తకం కాదు. సుబ్బిశెట్టి సీను గంట సాగుతుంది. పుస్తకంలో లేని బూతులన్నీ ఆ గంటలోకి వస్తాయి. బిల్వమంగళుడి పద్యాలకు కునికిపాట్లు పడే జనం శెట్టి రాగానే లేచి కూర్చుంటారు.

నాకు పదేళ్ళప్పుడు మా తాత తీసుకుపోయినాడు. చాప వేసుకుని ముందు వరసలో కూర్చున్నాం. శెట్టి వచ్చినాడు. కొంచెం సేపటికి జనం స్టేజీని కాదు, మా తాతను చూసి నవ్వుతున్నారు. వేషగాడు కూడా కనిపెట్టి, మా వైపు చెయ్యి చూపించి ఒక డైలాగు వేసినాడు. మా తాత చాప చుట్టుకుని లేచినాడు. దారిలో నాకు బొరుగులు కొనిచ్చినాడు. ఆ నాటకం మాట మళ్ళీ ఎత్తలేదు.

2022 జనవరిలో మన ప్రభుత్వం చింతామణి ప్రదర్శనను నిషేధించింది. మా వాళ్ళు సంబరపడినారు. నేనూ పడినాను, అబద్ధమెందుకు. తర్వాత ఆలోచిస్తే ఏదో వెలితి. హార్మోనిస్టులు, వేషగాళ్ళు, వాళ్ళ సీజను పోయింది. హైకోర్టులో కేసులు పడినాయి. ఆ గంట బూతులు తీసేసి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆడండి అని ఉంటే సరిపోయేదేమో. కానీ అట్ల చెబితే ఎవరు విన్నారు అన్నన్నేళ్ళు? మా పెద్దలు అడగని ఊరు లేదు.


కొండారెడ్డి బురుజు · ఆదివారం, ఉదయం 9:41

నిషేధమంటే నాకు పడదు. ఈ రోజు శెట్టి, రేపు ఇంకొకరు. 2019లో వాల్మీకి అనే సినిమా పేరు మీద మన కర్నూలు, అనంతపురంలో వాల్మీకిని తమవాడిగా కొలిచే బోయ సంఘాలు గొడవ చేసినాయి. రిలీజు ముందు రోజు పేరు మార్చి గద్దలకొండ గణేష్ అన్నారు. సినిమాలో ఏముందో ఒక్కరూ చూడలేదు అప్పటికి.


చీనీతోట · ఆదివారం, ఉదయం 10:10

సినిమా చూడలేదు, సరే. రౌడీ కథకు వాల్మీకి అని పేరు పెడతామంటే వాళ్ళకు చూడాల్సిన పనేముంది? అయినా మీరు చెప్పిందాంట్లో సగం ఒప్పుకుంటాను. సంఘాలు నడిపేవాళ్ళకు కోపం ఒక పెట్టుబడి. ట్యూబ్‌లైటు వేయించుకున్న వాళ్ళకు సంఘం లేదు చూడండి.


బుగ్గవంక · ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఉగ్గాని బజ్జి గారికి ఒక చిన్న గుర్తు. మూడేళ్ళ కిందట ఇదే వేదికలో "ఫ్యాక్షన్ సినిమాలను బ్యాన్ చేయాల" అని చర్చ పెట్టింది తమరే. నాకు బాగా జ్ఞాపకం, పదకొండు పేజీలు నడిచింది. సీమ వాళ్ళను నరికేవాళ్ళుగా చూపిస్తున్నారని మీరు ఏడ్చినంత పని చేసినారు.


ఉగ్గాని బజ్జి · ఆదివారం, మధ్యాహ్నం 12:44

అది వేరే సార్.


సీమ పిల్ల · ఆదివారం, మధ్యాహ్నం 12:45

😂😂 ఎట్ల వేరే అన్నా?


ఉగ్గాని బజ్జి · ఆదివారం, మధ్యాహ్నం 1:20

సరే చెబుతా, నవ్వండి. 2003లో హైదరాబాదులో ఉద్యోగానికి పోయినాను. రూము కోసం తిరుగుతుంటే ఒక ఓనరు ఏ ఊరని అడిగినాడు. అనంతపురం అన్నాను. "బ్యాగులో ఏమున్నాయి బాబూ, బాంబులా?" అన్నాడు. జోకే. నేనూ నవ్వినాను. తర్వాత నాలుగు రోజులకు ఫోన్ చేస్తే, రూము వేరేవాళ్ళకు ఇచ్చేసినాం అన్నాడు. ఆఫీసులో నా యాస వింటే చాలు, ఎవడో ఒకడు తొడ కొట్టి చూపించేవాడు. ఒకసారి, రెండుసార్లు సరే. ఏడాది పాటు ప్రతి కాఫీ బ్రేకుకూ తొడ కొడితే? నేను ఆ ఆఫీసులో 'యాడ', 'అట్ల' అనడం మానేసినాను. మా అమ్మ ఫోన్ చేస్తే బయటికి పోయి మాట్లాడేవాణ్ణి.

...టైపు చేసినాక చదువుకుంటే అక్క చెప్పిందే నేనూ చెప్పినట్టుంది. ఉండండి, భోంచేసి వస్తా.


బుగ్గవంక · ఆదివారం, మధ్యాహ్నం 2:15

సినిమా వ్యాపారంలో మనల్ని ఇప్పటికీ 'సీడెడ్' అనే అంటారు. కలెక్షన్లు చెప్పేటప్పుడు వినండి, నైజాం ఇంత, సీడెడ్ ఇంత. 1800లో నిజాం మనల్ని కంపెనీకి ధారపోసినప్పుడు పడిన పేరు. దత్త మండలాలు అనిపించుకోవడం ఇష్టంలేకనే 1928లో నంద్యాల సభలో, అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు తెచ్చినారు. వందేళ్ళు కావస్తోంది. పోస్టర్ అంటించే కుర్రాడు కూడా సీడెడ్ అనే అంటాడు. వాడికి 1800 సంగతి తెలీదు, ద్వేషం అసలే లేదు. పలుకుబడి అంతే. కొన్ని పేర్లు అట్ల అతుక్కుని ఉంటాయి.


నత్తివాడు అనుకోండి (కర్నూలు) · ఆదివారం, సాయంత్రం 4:50

ఈ వేదికలో ఏడేళ్ళుగా చదువుతున్నాను, ఇదే మొదటి పోస్టు. టైపు చేసేటప్పుడు నాకు నత్తి రాదు కాబట్టి తీరిగ్గా చెబుతాను.

నాటికలో నత్తి పెండ్లికొడుకు ఉన్నాడన్నారు. అందరూ పెండ్లికూతురి దగ్గరే ఆగిపోయినారు. ఏం పర్లేదు, మాకు అలవాటే, మా వంతు వచ్చేలోపల ఎప్పుడూ టైమైపోతుంది. (ఇది జోకు. నవ్వొచ్చు.)

ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక సినిమా వచ్చింది, పేరొద్దు. అందులో కమెడియన్ నత్తితో ఒక మాట పది సార్లు లాగుతాడు. శుక్రవారం రిలీజు. సోమవారం క్లాసులో హాజరు పిలుస్తున్నారు. "ప్రెజెంట్ సార్" అనాల. నాకు 'ప్ర' దగ్గర గొంతు పట్టేస్తుంది. మామూలుగా నలుగురైదుగురు నవ్వేవాళ్ళు. ఆ సోమవారం నేను 'ప్ర' అనగానే క్లాసంతా కలిసి ఆ సినిమా మాట అనింది, రాగం తీసి. సార్ కూడా నవ్వినాడు. అప్పటి నుంచి చెయ్యి మాత్రం ఎత్తేవాణ్ణి. ఇంకో సార్ వచ్చి నోటితో చెప్పకపోతే ఆబ్సెంట్ వేస్తానన్నాడు. వేసినాడు.

2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా కేసులో దివ్యాంగుల మీద హాస్యం గురించి చెప్పింది. మా బతుకును అర్థం చేయించే హాస్యం వేరు, మమ్మల్ని కించపరిచే హాస్యం వేరు అని. చదివినప్పుడు, ఆ కోర్టులో ఎవరికో 'ప్ర' దగ్గర పట్టేసినట్టుంది అనుకున్నాను.

నా అభిప్రాయం అడిగితే, క్యాసెట్ పెట్టండి. నత్తి సీను కోయొద్దు. కోస్తే ఏమైతుందంటే, మా కాలంలో ఎవరినీ ఏడిపించలేదు అని రేపు ఎవరో చెబుతారు. అప్పుడు మా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.


మోడరేటర్ · ఆదివారం, సాయంత్రం 6:00

కులం పేరు పెట్టి తిట్టిన రెండు పోస్టులు తీసేశాను. పాత సభ్యులే, ఇంకోసారి చేస్తే ఖాతా ఆపేస్తాను.


ఉగ్గాని బజ్జి · ఆదివారం, సాయంత్రం 6:04

క్యాన్సిల్ కల్చర్ మీద చర్చలో ఇద్దరిని క్యాన్సిల్ చేసినావు సామీ. (నేను కాదు ఆ ఇద్దరిలో. ముందే చెబుతున్నా.)


సీమ పిల్ల (కడప, ఇప్పుడు బెంగళూరు) · ఆదివారం, రాత్రి 8:35

అందరూ పాత నాటకాలు, పాత సినిమాలు అంటున్నారు. మా తరం సమస్య వేరు. మా క్యాసెట్లు అటక మీద ఉండవు, అందరి ఫోన్లలో ఉంటాయి.

నాకు పదహారేళ్ళప్పుడు ఫేస్‌బుక్‌లో ఒక హీరోయిన్ లావైందని ఒక పోస్టు పెట్టినాను. చాలా చెడ్డగా రాసినాను. 200 లైకులు వచ్చినాయి, నాకు అప్పటికి అదే రికార్డు. పోయినేడు మా ఆఫీసులో మహిళా ఉద్యోగుల కమిటీకి నా పేరు వచ్చింది. అంతే, ఎవరో ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పడేసినారు. "ఈమేనా మన తరఫున మాట్లాడేది?" అని. అది నేను రాయలేదని చెప్పలేను. ఇప్పుడు అట్ల రాయనని చెబితే ఎవరూ నమ్మే మూడ్‌లో లేరు. నేను సారీ అని రాసినాను, చిన్నప్పుడు అనే మాట వాడకుండా. ఆ మాట వాడితే సాకు చెప్పినట్టు ఉంటుందని. కమిటీ నుంచి తప్పుకున్నాను.

కోపం స్క్రీన్‌షాట్ పెట్టినామె మీద రాలేదు. ఆమెకు ఆ హీరోయిన్ మీద ప్రేమ ఏమీ లేదు, నా సీటు కావాల, అది తెలుస్తూనే ఉంది. ఎక్కువ బాధ దేనికంటే, ఆ 200 లైకుల్లో ఆమెది కూడా ఒకటి. నేను వెతికి చూసుకున్నాను.


ప్రొద్దుటూరు బంగారం · ఆదివారం, రాత్రి 8:50

ఆ లైకు స్క్రీన్‌షాట్ నువ్వు పెట్టలేదా పాపా?


సీమ పిల్ల · ఆదివారం, రాత్రి 8:52

తీసి పెట్టుకున్నాను అంకుల్. పంపలేదు. డిలీట్ కూడా చేయలేదు 🙈


కొండారెడ్డి బురుజు · ఆదివారం, రాత్రి 9:30

ఈ అమ్మాయి చెప్పింది విన్నాక నాకు ఒకటి తోస్తోంది. చచ్చిపోయినవాళ్ళు రాసినవి ఒక లెక్క, బతికున్న మనిషి మాట ఇంకో లెక్క. బతికున్న మనిషి మారడానికి వీలుంది. పుస్తకానికి లేదు. అయితే పుస్తకాలను కూడా మారుస్తున్నారు. 2023లో ఇంగ్లండులో రోల్డ్ డాల్ పిల్లల కథల్లో 'లావు' లాంటి మాటలు తీసేసి అచ్చు వేస్తామన్నారు. గొడవైతే, పాత పాఠాన్ని కూడా ఉంచుతామని చెప్పినారు. రేపు మన వేమనను కూడా దిద్దుతారా?


బుగ్గవంక · ఆదివారం, రాత్రి 9:58

వేమనను దిద్దలేదని ఎవరన్నారు? మన కడపలోనే ఉండి తెలుగు పట్టుకున్న బ్రౌన్ దొర 1829లో 693 పద్యాలు అచ్చు వేసినాడు, 1839కి అవి 1164 అయినాయి. బడిలో మనం చదివింది ఎన్ని? పది, పదిహేను. ఆడవాళ్ళను తిట్టినవి, పచ్చి బూతులు ఉన్నవి మన వాచకాల్లోకి ఎప్పుడైనా వచ్చినాయా? ఎవరో పక్కన పెడుతూనే వచ్చినారు. అట్లని అవి మాయం కాలేదు. సంపుటాల్లో ఉన్నాయి, కావాల్సినవాడు తీసి చదువుకుంటాడు. కటారుపల్లిలో సమాధి దగ్గరికి పోయేవాళ్ళూ పోతున్నారు.

పిల్లలకు ఏది చెప్పాల అనేది ఒకటి. అసలు ఉంచాలా వద్దా అనేది ఇంకొకటి. మనం ఈ రెండూ కలిపేసి కొట్టుకుంటున్నాం.


చీనీతోట · సోమవారం, ఉదయం 7:10

అంతా బాగుంది. పాత క్యాసెట్ గారు మాత్రం ఎక్కడా కనపడలేదు. శనివారం అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. ఆ పెండ్లికూతురు వేషం కట్టినాయన ఎక్కడున్నాడు?


పాత క్యాసెట్ · సోమవారం, రాత్రి 10:40

అందరూ రాసింది చదువుతూనే ఉన్నాను. చీనీతోట గారి ప్రశ్న చూసి శనివారమే ఫోన్ చేద్దామనుకున్నాను, చేయలేదు. కారణం సిగ్గే. వాడు మా బ్యాచ్ గ్రూపులో లేడు. ఎప్పుడో చేర్చినాం, రెండు రోజులకే ఎగ్జిట్ అయిపోయినాడు. ఎందుకో ఎవరం అడగలేదు.

ఈ రోజు సాయంత్రం చేసినాను. కదిరిలో ఎరువుల అంగడి పెట్టుకున్నాడు, కొడుకు చూసుకుంటున్నాడంట. ఎనిమిదేళ్ళ తర్వాత మాట్లాడినాం. మొదట వానల గురించి, వేరుశనగ గురించి మాట్లాడినాం. తర్వాత క్యాసెట్ దొరికిందని చెప్పినాను. కొంచెం సేపు ఏమీ అనలేదు.

"కరెంటు పోయినప్పుడు పాడింది కూడా ఉందా?" అన్నాడు.

ఉందన్నాను. ఏడు నిమిషాలు, చెక్కు చెదరలేదన్నాను. "మా ఇంట్లో ఎవరికీ నేను పాడతానని తెలీదు. చెప్పినా నమ్మరు. అది పంపించు ముందు" అన్నాడు. మిగతాది ఏం చేయాల అని అడిగితే నవ్వినాడు. "నువ్వు రాసిందే కదా, నీ ఇష్టం. పెడితే మొత్తం పెట్టు. నేను పాడిందాన్ని మాత్రం కోసి వేరేగా పెట్టొద్దు. అంతకుముందు మీరు ఎట్ల నవ్వినారో వింటేనే కదా, తర్వాత ఎట్ల గమ్మునైనారో తెలిసేది."

నేను సారీ అనే మాట అనబోయినాను. అది నోటి దాకా రాలేదు. ఇంతలో వాడే అడిగినాడు: "అది సరే గానీ, నీ ఫోన్లో నా పేరు ఏమని ఉంది?"

నేను ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి చూసినాను. 'లాంతరు' అని ఉంది. ఎన్ని ఫోన్లు మారినానో, ప్రతి ఫోన్లోకీ అట్లనే వచ్చినట్టుంది.

నేను మాట్లాడకపోయేసరికి వాడికి అర్థమైపోయింది. "పర్లేదులే, ఉంటా" అని పెట్టేసినాడు.

పేరు మార్చినాను. ఇంటిపేరు గుర్తు రాక మా కాలేజీ గ్రూప్ ఫోటో వెనక చూసి రాసుకోవాల్సి వచ్చింది. తర్వాత మొత్తం 38 నిమిషాల ఫైలు వాట్సాప్‌లో పంపినాను. రెండు నీలం గీతలు పడినాయి, జవాబు ఇంకా రాలేదు. యూట్యూబ్‌లో ఏమీ పెట్టలేదు.


చీనీతోట · సోమవారం, రాత్రి 11:02

జవాబు వస్తే చెప్పండన్నా. రాకపోయినా చెప్పండి.